రిజల్టు వచ్చాక చెబుతాను

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారాలు. నాకు 27 ఏళ్ళు. మాది నల్లగొండ దగ్గర పల్లె. నాన్న ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. నేను ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ పూర్తి చేసి, రెండేళ్ళుగా తార్నాకలో ఒక హాస్టల్లో ఉంటూ సైన్సు సబ్జెక్టుల్లో పరిశోధనకూ, లెక్చరరు అర్హతకూ రాసే సీఎస్ఐఆర్ నెట్‌కు చదువుతున్నాను. సాయంత్రాలు ఇంటర్ పిల్లలకు ట్యూషన్ చెబుతాను. లైఫ్ సైన్సెస్ పేపరు రాయడం ఇది మూడోసారి. పోయినసారి జేఆర్‌ఎఫ్ (పీహెచ్‌డీ చేసేవాళ్ళకు నెలనెలా డబ్బిచ్చే ఫెలోషిప్) కొద్దిలో పోయింది. ఈసారి కీ చూసి లెక్క వేసుకుంటే సరిగ్గా అంచు మీద ఉన్నాను. పరీక్ష అయి నెలన్నర దాటింది. ఫలితం ఎప్పుడో ఎవరూ చెప్పరు. రోజుకు యాభైసార్లు వెబ్‌సైటు తెరుస్తున్నాను. టెలిగ్రామ్ గ్రూపులో ఎవరో ‘ఈ రాత్రికే’ అని పెడతారు. తెల్లవార్లూ మేలుకుంటాను, ఏమీ రాదు. అన్నం సహించడం లేదు. నా రూమ్మేట్ కూడా ఇదే పరీక్ష రాసింది. తనకు నాకంటే ఎక్కువ మార్కులు వస్తాయని తెలిసినప్పటి నుంచి తన ముఖం సరిగ్గా చూడలేకపోతున్నాను. అందుకు నా మీద నాకే అసహ్యంగా ఉంది. ఇంట్లో ఒక సంబంధం చూశారు. నాన్న అడిగితే రిజల్టు వచ్చాక చెబుతానన్నాను. ఈ టెన్షన్ తగ్గే మార్గం ఏదైనా ఉందా? మీ అమ్మాయి అనుకుని చెప్పండి.
— పేరు వేయవద్దు, తార్నాక

జవాబు:

అమ్మాయి అనుకోమన్నావు కాబట్టి నువ్వు అనే అంటాను.

టెన్షన్ తగ్గే మార్గం అడిగినవాళ్ళకు ప్రాణాయామం, పొద్దున్నే నడక రాసి పంపడం నాకు చాలా తేలిక. నీకు అవి రాయను. ఉస్మానియా క్యాంపస్‌కు కూతవేటు దూరంలో ఉన్నదానివి, ల్యాండ్‌స్కేప్ గార్డెన్‌లో నడవవచ్చని నీకు తెలియక కాదు. నడుస్తూ కూడా ఫోను చూస్తున్నావేమోనని నా అనుమానం.

నువ్వు పడుతున్న ఆందోళన పిరికితనం కాదు. ఫలితం తేదీ చెప్పని పరీక్ష రాసి నిబ్బరంగా కూర్చోవడం ఎవరికైనా కష్టమే. పైగా మీ తరం చూసినవి చూసింది. 2024 జూన్ 18న జరిగిన యూజీసీ నెట్‌ను మరునాడే రద్దు చేశారు. అదే వారంలో, నాలుగు రోజుల్లో జరగాల్సిన సీఎస్ఐఆర్ నెట్‌ను వాయిదా వేసి, జూలై చివరిలో పెట్టారు. అప్పటికే హాల్‌టికెట్లు, రైలు టిక్కెట్లు సర్దుకుని ఉన్నవాళ్ళు మీ హాస్టల్లోనూ ఉండే ఉంటారు. ఒకసారి అంత జరిగాక ‘ఈ రాత్రికే’ అనే పుకారును కొట్టిపారేయడం సులువు కాదు. ఏదైనా జరగవచ్చని మనసుకు తెలిసిపోయింది.

అయినా ఆ గ్రూపులోంచి ఈ రోజే బయటికి రా. ఫలితం మొదటి పది నిమిషాల్లో చూసినవాళ్ళకు అదనంగా ఒక్క మార్కు కూడా వేయరు. ఆ పది నిమిషాల్లో ఎలాగూ సైటు తెరుచుకోదు. పరీక్ష రాయని స్నేహితురాలు ఒకరికి చెప్పి పెట్టు, ఫలితం వచ్చిందని తెలిస్తే ఫోను చేయమని. నువ్వు మాత్రం పొద్దున ఒకసారి, రాత్రి ఎనిమిదికి ఒకసారి చూడు. పూర్తిగా మానేయమంటే మానవని తెలుసు కాబట్టి రెండుసార్లు అంటున్నాను.

లెక్క వేసుకోవడం కూడా ఇక చాలు. నువ్వు రాసిన పేపరు సంగతి నీకు నేను చెప్పాలా? పార్ట్ సీలో 75 ప్రశ్నల్లో 25 రాయాలి. ఒప్పైతే 4 మార్కులు, తప్పైతే ఒక మార్కు కోత. అంటే తుది కీలో ఒకే ఒక్క ప్రశ్న జవాబు మారితే నీ లెక్క ఐదు మార్కులు అటో ఇటో జరుగుతుంది. కొన్ని ప్రశ్నలను అసలు తొలగిస్తారు. పేపరును ఒకటికంటే ఎక్కువ షిఫ్టుల్లో పెడితే మార్కులను పర్సంటైల్‌గా మారుస్తారు, అప్పుడు పక్క షిఫ్టువాళ్ళ మార్కులతో పోల్చుకోవడానికే అర్థం ఉండదు. ప్రశ్నకు 200 రూపాయలు కట్టి అభ్యంతరం చెప్పే గడువు ఎప్పుడో దాటిపోయింది. ఆ కాగితం చింపెయ్యి. అంచు మీద ఉన్నావన్నది నిజమే. ఆ అంచు ఎక్కడుందో మాత్రం ఇప్పుడు నీకూ తెలియదు, నీ రూమ్మేట్‌కూ తెలియదు.

ఎదురుచూపు మీదే ఏళ్ళ తరబడి పరిశోధన చేస్తున్నావిడ ఒకరున్నారు. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం రివర్‌సైడ్ శాఖలో కేట్ స్వీనీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త. అక్కడ లా చదివినవాళ్ళు లాయరుగా పనిచేయడానికి బార్ పరీక్ష రాసి, ఫలితం కోసం నాలుగు నెలలు కాచుకునేవారు. అలాంటి 230 మందిని ఆమె బృందం ఆ నాలుగు నెలలూ గమనించి 2016లో ఆ సంగతులు ప్రచురించింది. ఆందోళన తగ్గించుకోవడానికి వాళ్ళు చేసిన ప్రయత్నాలేవీ పెద్దగా పనిచేయలేదట! నాకు నచ్చిన సంగతి మరొకటి. ఆ నాలుగు నెలలూ మథనపడినవాళ్ళే, ఫలితం చెడుగా వస్తే తొందరగా తేరుకుని తరువాతి పని చూసుకున్నారు. మంచిగా వస్తే ఎక్కువ సంతోషించిందీ వాళ్ళే. నిశ్చింతగా గడిపినవాళ్ళు చెడువార్తను అంత బాగా తట్టుకోలేకపోయారు. కాబట్టి భయపడుతున్నానని మళ్ళీ భయపడకు.

మరి ఏదీ పనిచేయదా అంటే, ఒకటి కొంత పనిచేస్తుందని ఆమె తరువాతి పరిశోధనల్లో తేలింది. ఒళ్ళు తెలియకుండా మునిగిపోయే పని. సినిమా చూడడం లాంటిది కాదు, కాస్త కష్టపెట్టేదీ, చేస్తుంటే ముందుకు వెళుతున్నట్టు తెలిసేదీ అయి ఉండాలి. నీకు అలాంటి పని చేతిలోనే ఉంది. నీ ఎమ్మెస్సీ డిసర్టేషన్ చివరిసారి ఎప్పుడు తెరిచావు? నెట్ సిలబస్ వెంట పడి ఈ రెండేళ్ళలో దాని ముఖం చూసి ఉండవు. జేఆర్‌ఎఫ్ వచ్చినా రాకపోయినా పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో ప్రశ్నలు మొదలయ్యేది అక్కడే. ఆ కంట్రోల్ ఎందుకు పెట్టావు, ఆ బ్యాండ్ రాకపోతే ఏమనుకునేదానివి, అదే పని ఇప్పుడు చేస్తే ఎలా చేస్తావు, ఇలా. అప్పుడు గైడు చెప్పారని చేసిన పనికి ఇప్పుడు నీ మాటల్లో కారణం చెప్పగలగాలి. రోజుకు రెండు పేజీలు తీసుకుని, ప్రతి బొమ్మ కింద ‘ఇందులో నాకు నమ్మకం లేనిది ఏమిటి’ అని రాసుకో. పదో రోజుకు నీ సొంత ప్రయోగంలో తప్పులు నువ్వే పట్టుకుంటావు. అది బాధపెట్టే ఆనందం, చూడు కావాలంటే.

ఇక రూమ్మేట్ సంగతి. ఇది చదివి నా స్నేహితురాలు ఒకావిడ నాకు ఫోను చేస్తుందని తెలిసే రాస్తున్నాను.

మా రోజుల్లో ఈ ఫలితం కవరులో వచ్చేది. హాస్టల్ మెస్ పక్కన గోడకు చెక్క గళ్ళు ఉండేవి, అక్షరానికి ఒక గడి. నా పేరూ ఆమె పేరూ ఒకే అక్షరంతో మొదలవుతాయి. ఇద్దరం అదే పరీక్ష రాశాం. నేను రోజుకు మూడుసార్లు ఆ గడిలో చేయి పెట్టేదాన్ని, ఉత్తరాలు రోజుకు ఒక్కసారే వస్తాయని తెలిసీ. ఒక మధ్యాహ్నం ఆమె కవరు దొరికింది. నాది లేదు. చేత్తో పట్టుకుంటేనే లోపల మంచి వార్త ఉందని తెలిసిపోయింది. ఆ కవరు సాయంత్రం దాకా నా బయోకెమిస్ట్రీ పుస్తకంలోనే ఉంది. రాత్రి భోజనానికి వెళుతూ ‘ఇప్పుడే చూశాను’ అని ఇచ్చాను. ఆమె నన్ను కౌగలించుకుని ఏడ్చింది. నాకు తరువాతి విడతలో వచ్చింది. అయినా ఇన్నేళ్ళకూ ఆ మధ్యాహ్నం గుర్తొస్తే చెవులు వేడెక్కుతాయి.

నువ్వు ఏ కవరూ దాచలేదు. ముఖం మాత్రమే తిప్పుకున్నావు. ఒకే గదిలో, ఒకే పరీక్షకు, ఒకే ఫ్యాను కింద చదివిన ఇద్దరి మధ్య ఇది రాకపోతేనే ఆశ్చర్యం. తనూ నీ ఎదుట పుస్తకం మూసి, నవ్వు దాచుకుని తిరుగుతోందని నీకు తెలుసా? మార్కులు ఎక్కువ వచ్చినవాళ్ళకు ఆ బాధ వేరే ఉంటుంది. ఈ రాత్రికి ఒక్క మాట మాట్లాడుకోండి. ఫలితం వచ్చిన రోజు ఎవరిది వాళ్ళు విడిగా చూసుకోవాలి, ఒకరు గదిలో, ఒకరు డాబా మీద. చూసుకున్న గంట తరువాతే కలవాలి. ఇంటి నుంచి వచ్చే ఫోను ఆ గంటలో ఎత్తకూడదు. ఇంత చిన్న ఒప్పందం చాలు, గదిలో గాలి కదులుతుంది.

ఇప్పుడు నువ్వు అడగని ప్రశ్నకు వస్తాను. నీ మనసులో ఫలితానికి రెండే ముఖాలు ఉన్నాయి, జేఆర్‌ఎఫ్ లేదా శూన్యం. నిజానికి 2024 నుంచి నెట్‌లో మూడు గుమ్మాలు ఉన్నాయి. మొదటిది జేఆర్‌ఎఫ్, దానితో అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత. రెండోది అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత, పీహెచ్‌డీ ప్రవేశం. మూడోది పీహెచ్‌డీ ప్రవేశానికి మాత్రమే. రెండు, మూడు వర్గాలవాళ్ళకు ప్రవేశాల్లో నెట్ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ. ఆ మార్కులు ఏడాది చెల్లుతాయి. కొద్దిలో జేఆర్‌ఎఫ్ పోతే రెండో గుమ్మం తెరుచుకునే అవకాశమే ఎక్కువ, అది చిన్న గుమ్మమేమీ కాదు.

కానీ డబ్బు సంగతి దాటవేయను. జేఆర్‌ఎఫ్ అంటే 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు, ఆపైన ఇంటి అద్దె భత్యం. రెండేళ్ళ తరువాత పని బాగుంటే సీనియర్ ఫెలో (ఎస్‌ఆర్‌ఎఫ్)గా 42,000. మొత్తం ఐదేళ్ళు. అది లేకుండా హైదరాబాద్ విశ్వవిద్యాలయం లాంటి కేంద్రీయ విశ్వవిద్యాలయంలో చేరితే నాన్‌-నెట్ ఫెలోషిప్ కింద వచ్చేది నెలకు 8,000. తార్నాకలో నీ హాస్టల్ బిల్లు ఎంతో నీకే బాగా తెలుసు. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఆ యూజీసీ 8,000 కూడా ఉండదు. శాస్త్రం మీద ప్రేమ ఉంటే చాలు, డబ్బు అదే వస్తుందని సభల్లో చెప్పే పెద్దలను నేనూ విన్నాను. వాళ్ళలో చాలామందికి ఇంటి నుంచి బియ్యం వచ్చేవి. నీ పరిస్థితిలో 8,000 నమ్ముకుని ఐదేళ్ళ పనికి దిగమని నేను చెప్పను. ఫెలోషిప్ వచ్చినవాళ్ళకు కూడా నెలనెలా ఒకటో తారీఖున ఠంచనుగా పడుతుందనుకోకు. మొదటి విడత డబ్బు చేతికి అందేలోపు కొన్ని నెలల ఖర్చు పక్కన ఉంచుకోవాలి.

జేఆర్‌ఎఫ్ రాకపోతే చేయాల్సింది వేరే ఉంది. నీ హాస్టల్ నుంచి హబ్సిగూడ దాకా ఆ ఒక్క రోడ్డు మీద మూడు పరిశోధన సంస్థలు, రసాయనాల ఐఐసీటీ, భూభౌతిక శాస్త్రం ఎన్‌జీఆర్‌ఐ, జీవశాస్త్రం సీసీఎంబీ ఉన్నాయి. ఎన్‌జీఆర్‌ఐ నీ సబ్జెక్టు కాదు, మిగతా రెండూ నీవే. ప్రాజెక్టు పోస్టుల ప్రకటనలు వాళ్ళ వెబ్‌సైట్లలో పడుతుంటాయి. నువ్వు రోజుకు యాభైసార్లు తెరుస్తున్న ఆ సైటుకు బదులు ఇవి వారానికి రెండుసార్లు తెరిస్తే ఎంత బాగుండేది! ప్రాజెక్టులో చేరితే జీతం వస్తుంది, చేతికి ల్యాబు పని వస్తుంది. ల్యాబు పని నిజంగా నీకు ఇష్టమేనా కాదా అన్నది కూడా అక్కడే తేలుతుంది. నువ్వు రెండేళ్ళుగా పరిశోధన గురించి చదువుతున్నావు తప్ప చేయలేదు, అది మరిచిపోవద్దు. కేంద్ర బయోటెక్నాలజీ విభాగంవారి ఫెలోషిప్ పరీక్ష బెట్, గేట్ ఉన్నాయి. చదివిన చదువు వాటికీ అక్కరకు వస్తుంది. నెట్ ఏడాదికి రెండు విడతలు. జేఆర్‌ఎఫ్ వయోపరిమితిలో మహిళలకు ఐదేళ్ళ సడలింపు ఉంది. ‘ఇదే ఆఖరు’ అన్నట్టుగా ఉంది నీ ఉత్తరం. అలా అని నీకు ఎవరు చెప్పారో గానీ, రూల్సు మాత్రం చెప్పలేదు.

అయితే చెప్పింది రూల్సు కాదని నాకు తెలుసు. నీ ఉత్తరంలో పరీక్షకు అన్ని వాక్యాలు, సంబంధానికి రెండే. అబ్బాయి ఎవరు, ఏం చేస్తాడు, నచ్చాడా లేదా, ఏదీ లేదు. నచ్చి ఉంటే రాసేదానివి. నచ్చకపోయినా రాసేదానివి. అసలు ఆ సంగతి ఆలోచించడమే మానేసి, ‘రిజల్టు వచ్చాక చెబుతాను’ అన్నావు. జేఆర్‌ఎఫ్ వస్తే ‘నెలకు ఇంత వస్తోంది, ఆగండి’ అనవచ్చు. రాకపోతే నోరు మూసుకుని తల ఊపాలి. అంటే తల్లీ, నీ పెళ్ళి మాట తీసుకెళ్ళి పరీక్ష పెట్టే ఎన్‌టీఏ వాళ్ళ చేతిలో పెట్టావు. రాత్రి రెండింటికి వెబ్‌సైటు తెరిచినప్పుడు నీ వేళ్ళు వణికేది మార్కుల కోసమే అయితే, పోయిన రెండుసార్లు కూడా ఇంతగా వణికి ఉండాలి. వణికాయా?

ఫలితం నీకు ఫెలోషిప్ వస్తుందో లేదో చెబుతుంది. ఈ అబ్బాయిని చేసుకోవాలా, ఇప్పుడే చేసుకోవాలా, చేసుకుంటే ఐదేళ్ళ పీహెచ్‌డీకి ఆ ఇంట్లో చోటుంటుందా అన్నవి దాని స్కోరుకార్డులో ఉండవు. జేఆర్‌ఎఫ్ వచ్చినా అవి అలాగే ఉంటాయి. ఫెలోషిప్ చూసి ఒప్పుకునే సంబంధం, మూడో ఏడాది నీ ప్రయోగాలు ఒక్కటీ పనిచేయనప్పుడు ఏమంటుందో ఊహించుకో.

కాబట్టి ఫలితం రాకముందే నాన్నగారితో మాట్లాడు. వచ్చాక మాట్లాడితే అది గెలిచిన పిల్ల మాటో, ఓడిన పిల్ల మాటో అవుతుంది. ఇప్పుడైతే నీ మాట. ఎలా మొదలుపెట్టాలో కూడా చెబుతాను. ‘నాకు చదువంటే ప్రాణం నాన్నా’ అని మొదలుపెట్టకు, ఆయనకది తెలుసు, తెలిసే భయపడుతున్నారు. చుట్టాలు అడిగితే చెప్పుకోవడానికి ఆయనకు ఒక మాట కావాలి. ‘ఇంకా చదువేనా?’ అన్నవాళ్ళకు ఏం చెప్పాలో తెలియకే సంబంధాలు చూస్తున్నారేమో! బతుకంతా టిక్కెట్ల లెక్క, చిల్లర లెక్క అప్పగించి ఇంటికి వచ్చిన మనిషి. ఆయనకు లెక్క చెప్పు. ఫెలోషిప్ వస్తే నెలకు ఇంత, ఇన్నేళ్ళు. రాకపోతే ఫలానా నెలలోగా ఏదో ఒక ల్యాబులో ప్రాజెక్టు పనికి చేరతాను, జీతం ఇంత దాకా ఉంటుంది, ఇంకొక్క విడత పరీక్ష రాస్తాను, అంతకు మించి రాయను. గడువు నువ్వే పెట్టు, ఆయన పెట్టేదాకా ఆగకు. పెట్టాక నువ్వూ దానికి కట్టుబడాలి.

సంబంధం గురించి కూడా అప్పుడే. వద్దనుకుంటే వద్దని, చూస్తానంటే చూస్తానని. చూస్తానన్నావంటే అబ్బాయితో మొదటిసారి మాట్లాడినప్పుడే ఐదేళ్ళ సంగతి అడగాలి. సిగ్గుపడితే ఆ తరువాత అడిగే సందర్భం రాదు.

ఒకవేళ ఇవన్నీ చేసినా ఇంకో పదిరోజులు నిద్ర పట్టక, తిండి సహించక ఇలాగే ఉంటే దాన్ని పరీక్ష ఖాతాలో వేయకుండా డాక్టరును కలువు. టెలీమానస్ 14416కు ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

నాన్నగారికి ఫోను మాత్రం ఈ ఆదివారమే. మధ్యాహ్నం పడుకుని లేచి, టీ తాగాక చెయ్యి. భోజనానికి ముందు వద్దు.